స్తంభం పగలని కథ



చావు గురించి మాట్లాడాలంటే మన సినిమావాళ్లు ముందు యమలోకం సెట్టు వేస్తారు. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 2007లో 'యమదొంగ' అన్నీ ఆ వరసే. కిరీటం, గద, చిత్రగుప్తుడి చిట్టా, వాటి చుట్టూ బోలెడు నవ్వులు. ఆ సినిమాలంటే నాకు చిన్నచూపేమీ లేదు. యముడితో వాదన పెట్టుకోవడం సావిత్రి నాటి నుంచీ మనకు అలవాటే. అయితే 'యమదొంగ' వచ్చిన 2007లోనే అమెరికాలో ఇంకో సినిమా వచ్చింది. అందులో వేరే లోకాలు లేవు, గ్రాఫిక్స్ లేవు, ఒక్క ఫైటూ లేదు. ఊరికి దూరంగా ఓ ఇల్లు, ఆ ఇంట్లో ఓ గది, గదిలో చలిమంట, దాని చుట్టూ ఎనిమిది మంది. గంటన్నర లోపు వాళ్ల మాటలు అయిపోతాయి, వాటితోపాటు సినిమా కూడా. దాని పేరు 'ద మ్యాన్ ఫ్రమ్ ఎర్త్'.

కథ ఇది. జాన్ ఓల్డ్‌మన్ అనే చరిత్ర ప్రొఫెసరు పదేళ్లు పనిచేసిన కాలేజీ వదిలి, ఊరే వదిలి వెళ్లిపోతున్నాడు. సామాన్లు సర్దుకుంటుంటే తోటి ఆచార్యులు వీడ్కోలు చెప్పడానికి వస్తారు. వాళ్లలో మానవశాస్త్రం చెప్పే డాన్, జీవశాస్త్రం చెప్పే హ్యారీ, పురావస్తు పండితుడు ఆర్ట్, కళాచరిత్ర బోధించే ఈడిత్ ఉన్నారు. ఈడిత్ దైవభక్తురాలు, బైబిలు మీద అచంచలమైన విశ్వాసం ఉన్న మనిషి. ఇంత మంచి ఉద్యోగం వదిలి ఎందుకు పోతున్నావని అందరూ పట్టుబడతారు. తప్పించుకోలేక జాన్ ఓ ప్రశ్న వేస్తాడు. పాత రాతియుగం మనిషి ఒకడు చావకుండా ఇవాళ్టి దాకా బతికి ఉంటే ఎలా ఉంటాడు? కథ రాస్తున్నావా అని వాళ్లు నవ్వుతారు. సరదాగా జవాబులు చెబుతారు. కాసేపటికి ఆ మనిషిని నేనేనంటాడు జాన్. తన వయసు పద్నాలుగు వేల ఏళ్లట. ముప్పై అయిదు దగ్గర ముదరడం ఆగిపోయిందట. ఎక్కడున్నా పదేళ్లయ్యేసరికి జనం అనుమానంగా చూడటం మొదలుపెడతారు కాబట్టి ఊరు మారుస్తూ వస్తున్నాడట.

పద్నాలుగు వేల ఏళ్లంటే ఎంత కాలమో మన ఊళ్ల లెక్కలో చెబుతాను. అప్పటికి మంచుయుగం పూర్తిగా విడవలేదు. సముద్రమట్టం ఇప్పటికన్నా పదుల మీటర్లు కింద ఉండేది. అంటే ఇవాళ విశాఖలో మనం రామకృష్ణా బీచి అనే చోట అలల జాడే లేదు, కెరటం చూడాలంటే ఇంకా చాలా దూరం తూర్పుకి నడవాల్సిందే. భీమిలి దారిలో కనిపించే ఎర్రమట్టి దిబ్బలు పేరుకున్నది దాదాపు ఆ కాలంలోనే. జాన్ పుట్టింది అలాంటి రోజుల్లో, యూరప్ వైపు ఎక్కడో.

ఈ కథ రాసినవాడు జెరోమ్ బిక్స్‌బీ. చావులేని మనిషి అతన్ని చాలాకాలం వదల్లేదు. 1969లోనే 'స్టార్ ట్రెక్' ధారావాహికలో ఒక భాగానికి అలాంటి పాత్రనే రాశాడు. అది తృప్తి ఇవ్వలేదేమో, 1998లో మరణశయ్య మీద ఉండి, మిగిలిన కథను కొడుకు ఎమర్సన్‌కు చెప్పి రాయించి వెళ్లిపోయాడు. చావని మనిషి కథను చనిపోతూ పూర్తిచేశాడన్న మాట. కల్పిత కథలో ఇలా రాస్తే అతిగా ఉందని సంపాదకులు కొట్టేస్తారు. మరో తొమ్మిదేళ్లకు రిచర్డ్ షెంక్‌మన్ దాన్ని తెరకెక్కించాడు. ఖర్చు సుమారు 2 లక్షల డాలర్లు. మామూలు వీడియో కెమెరాలతో తీశారు. థియేటర్లలో దాని సంగతి ఎవరికీ తెలియలేదు కానీ, ఇంటర్నెట్లో దొంగ కాపీలు ప్రపంచమంతా తిరిగాయి. నిర్మాత తిట్టాల్సింది పోయి, మీ వల్లే మా సినిమా పదిమందికీ తెలిసిందని ఆ కాపీలు పంచుకున్నవాళ్లకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పాడు.

మీలో పెద్దవాళ్లకు 'సంక్షిప్త శబ్దచిత్రం' గుర్తుండే ఉంటుంది. సినిమాలోని మాటలూ పాటలూ కుదించి రేడియోలో వేస్తే, బొమ్మ లేకుండానే చూసినంత తృప్తిగా వినేవాళ్లం. ఎంత మంచి సినిమా అయినా అలా వేస్తే ఎంతో కొంత పోతుంది. ఈ సినిమా వేస్తే దాదాపు ఏమీ పోదు. కళ్లు మూసుకుని వింటే ఇంకా బాగుంటుందని కూడా నా అనుమానం, ఎందుకంటే జాన్ మొహం చూస్తే నమ్మాలనిపిస్తుంది. గొంతు ఒక్కటే వింటే మాటను తూచి చూస్తాం.

ఇక చావులేకపోవడం దగ్గరికి వస్తాను. విశాఖ దగ్గరి సబ్బవరం నుంచి పెందుర్తి దాటి నగరం వైపు వస్తే సింహాచలం కొండ. ఆ కొండ మీద వరాహ నరసింహుడు వెలసిన కథ అసలు అమరత్వం కథే. హిరణ్యకశిపుడు తపస్సు చేసి చావు వద్దన్నాడు. పుట్టినవాడికి అది కుదరదన్నాడు బ్రహ్మ. అప్పుడు అతను ఆరితేరిన వకీలు దస్తావేజు రాయించినట్టు ఒక్కో షరతూ పెట్టాడు. మనిషి చేతా మృగం చేతా కాదు, పగలూ రాత్రీ కాదు, ఇంటా బయటా కాదు, నేల మీదా నింగి మీదా కాదు. అన్నీ రాయించుకున్నా సందులు మిగిలాయి, ఆ సందుల్లోంచే, స్తంభం పగలగొట్టుకుని నరసింహుడు వచ్చాడు. కఠోపనిషత్తులో ఇంకో కుర్రాడున్నాడు, నచికేతుడు. యముడే స్వయంగా ఎన్నేళ్లు కావాలంటే అన్నేళ్లు బతుకు ఇస్తానన్నా తీసుకోలేదు. ఎంత బతికినా అది కొద్దికాలమే, నేనడిగినదానికి జవాబు చెప్పమన్నాడు.

మన కథల్లో అడిగినవాడున్నాడు, వద్దన్నవాడున్నాడు. జాన్ ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. అతను తపస్సు చెయ్యలేదు, వరం పొందలేదు. తానెందుకు చావడం లేదో అతనికే తెలియదు. రోగాలు వచ్చాయి, తగ్గాయి. గాయాలయ్యాయి, మచ్చ లేకుండా మానాయి. హ్యారీ జీవశాస్త్రవేత్త కాబట్టి కణాలు తమను తాము పూర్తిగా బాగుచేసుకోగలిగితే ఇది సిద్ధాంతపరంగా అసాధ్యం కాదంటాడు. ఈ మాట అంత తేలిక కాదు. మామూలు మానవ కణం సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతుందని లియొనార్డ్ హేఫ్లిక్ 1961లోనే చూపించాడు. ఆగకుండా పెరిగే మానవ కణాలు ఉన్నాయి. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి నుంచి తీసిన కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి, అయితే అవి క్యాన్సరు కణాలు. ఆ తల్లి ఆ ఏడాదే చనిపోయింది. శాస్త్రం సంగతి ఇంతటితో చాలు, సినిమా కూడా అక్కడ ఎక్కువసేపు ఆగదు.

ఎక్కువసేపు ఆగేది రుజువు దగ్గర. జాన్ దగ్గర రుజువు లేదు. చేతిలో ఓ పాత రాతి పనిముట్టు ఉంది, అది ఏ పాతసామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది. వాన్ గోది అనిపించే ఓ బొమ్మ ఉంది, అది నకలు కావచ్చు. అతను చెప్పే చరిత్రంతా పుస్తకాల్లో ఉన్నదే కదా అని పండితులు నిలదీస్తే, అవును, నేనూ పుస్తకాల్లోనే చదివాను అంటాడు. నడుస్తున్నప్పుడు అతనికి తానున్న దేశం పేరు తెలియదు, ఆ యుగం పేరూ తెలియదు. ఆ పేర్లు తర్వాత మనం పెట్టుకున్నాం. నాకు ఈ సినిమాలో తెలివిగా తోచిన సంగతుల్లో ఇదొకటి. ఎంతకాలం బతికినా మనిషి ఒక్కచోటే నిలబడి ఉంటాడు, అక్కణ్ణుంచి కనిపించిందే చూస్తాడు.

సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులు వింటుంటే వాళ్లకో మాట. మన సాక్ష్య చట్టానికి ఇలాంటి మనిషి గురించి అభిప్రాయం ఉంది. 1872 నాటి చట్టంలో 107, 108 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 110, 111. ఒక మనిషి గత ముప్పై ఏళ్లలో బతికే ఉన్నాడని తేలితే, చనిపోయాడనేవాడే దాన్ని రుజువు చెయ్యాలి. కానీ కబురు తెలియాల్సిన వాళ్లకు ఏడేళ్లుగా అతని కబురే లేకపోతే, బతికున్నాడనేవాడి మీద ఆ భారం పడుతుంది. ఇప్పుడు జాన్ పద్ధతి చూడండి. పదేళ్లకోసారి పేరు మార్చి ఊరు మారతాడు. కొత్త ఊళ్లో అనుమానాలు మొదలయ్యే వేళకు, పాత ఊళ్లోని పాత పేరు మనిషిని మన చట్టం ప్రకారం పోయినవాడిగా లెక్కవేసే వీలుంటుంది. ఇన్నిసార్లు పోయినవాడైన మనిషి ఇంకొకడు ఉండడు. బిక్స్‌బీకి మన చట్టం తెలిసి ఉండదు, లెక్క మాత్రం చక్కగా కుదిరింది.

సినిమా సగం దాటాక గదిలో గాలి మారుతుంది. జాన్ తూర్పుకు వచ్చానంటాడు. బుద్ధుడి దగ్గర శిష్యరికం చేశానంటాడు. అప్పటిదాకా అందరూ ఉత్సాహంగా వింటారు. ఆ బోధను మోసుకుని పడమటికి వెళ్లి, రోమన్ల ఏలుబడిలో ఉన్న నేల మీద దాన్నే తనకు తెలిసినట్టు చెప్పబోయానంటాడు. ఈడిత్ మొహంలో నెత్తురు ఉండదు. ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. శిలువ మీద నుంచి తాను చనిపోకుండా బయటపడ్డానని, శిష్యులకు నిజం చెప్పబోతే వాళ్లు ఆనందంతో ఒళ్లు మరిచి తన మాట వినలేదని, చివరికి అక్కణ్ణుంచి పారిపోయానని చెబుతాడు. అది నిజమని సినిమా ఎక్కడా ఒట్టు వెయ్యదు. చెప్పేది ఒక పాత్ర, వినేది ఇంకో పాత్ర. విశ్వాసమున్నవాళ్లకు ఈ ఘట్టం కష్టంగా ఉంటుంది, ఉండాలి కూడా. ఈడిత్ ఏడుస్తుంది. ఆమెను వెటకారంగా చూపించకపోవడం దర్శకుడి మర్యాద.

ఇక్కడ నేను ఆగి ఆలోచించేది జాన్ నిజం చెబుతున్నాడా అని కాదు. నిజమే అనుకుందాం. అప్పుడు ఆ గదిలో ఉన్నది మూలపురుషుడే. ఎదురుగా ఉన్నది ఆయన్ని నమ్మిన మనిషి. మరి ఆమె ఎవరి మాట తీసుకుంది? ఎదురుగా కూర్చున్నవాడి మాట తీసుకోలేదు. రెండు వేల ఏళ్లుగా చేతులు మారి తన దాకా వచ్చిన మాట తీసుకుంది. అందులో ఆమె తప్పు నాకు కనిపించదు. ఆమె తల్లి చనిపోయినప్పుడో, బిడ్డ జబ్బుపడినప్పుడో ఆసరాగా నిలిచింది ఆ పాత మాటే కాని, పేరు మార్చుకుంటూ తిరిగే ఈ ప్రొఫెసరు కాదు. విశ్వాసం మొదట చెప్పినవాడి దగ్గర ఉండిపోదు. నమ్మినవాళ్ల ఇళ్లకు వెళ్లిపోతుంది. ఆయన తిరిగొచ్చి అడిగినా వెనక్కి ఇవ్వరు.

దీనికి సాక్ష్యం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. సబ్బవరం నుంచి అనకాపల్లి దారి పడితే శంకరం ఊరి దగ్గర రెండు కొండలున్నాయి, బొజ్జన్నకొండ, లింగాలకొండ. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది. రాతిని తొలిచిన గుహలు, రెండంతస్తుల పెద్ద గుహ, లోపల కూర్చున్న బుద్ధుడు, కొండరాతినే చెక్కి చుట్టూ ఇటుక పేర్చిన స్తూపం. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్విస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. పక్క కొండ మీద రాతిలో చెక్కిన చిన్న స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. భిక్షువులు పోయాక జనం కళ్లకు అవి లింగాలుగా కనిపించాయి.

అక్కడ కనుమ రోజున ఒక ఆచారం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల జనం కొండకు వచ్చి, బొజ్జలా ఉబ్బెత్తుగా ఉన్న ఓ ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవారు. అహింస బోధించిన కొండ మీద పండగ పూట రాళ్ల వాన. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ పూనుకుని దాన్ని మాన్పించింది. మాన్పించడం మంచిపని. కానీ ఆ రాళ్లు వేసినవాళ్లను తెలివితక్కువవాళ్లనడానికి నాకు నోరు రాదు.

ఒక ఊహ చేద్దాం. ఆ గుహల్లో ఉన్న భిక్షువుల్లో ఒకరికి జాన్‌కు పట్టిన గతే పట్టి, చావు రాక, ఊళ్లు మారుతూ మారుతూ ఓ కనుమనాడు శంకరం వచ్చాడనుకోండి. రాయెత్తిన చేతిని పట్టుకుని, "నాయనా, ఇది రాక్షసుడు కాదు, ఇక్కడ మేం ధ్యానం చేసుకునేవాళ్లం" అన్నాడనుకోండి. అక్కడి పెద్దాయన ఏమంటాడు? "మా తాతల కాన్నించీ ఇసురుతున్నాం బాబూ, నువ్వెవుడివి సెప్పడానికి?" అంటాడు. ఆ మాటకు భిక్షువు దగ్గర జవాబు ఉండదు. ఎప్పటిదో అయిన తన జ్ఞాపకానికి వాళ్ల కళ్లముందున్న తాతల ఆనవాయితీ ముందు చెల్లుబాటు లేదు.

అంతకన్నా చిక్కు ఇంకొకటుంది. ఆ భిక్షువుకు బదులు సాక్షాత్తూ బుద్ధుడి దగ్గర కూర్చుని విన్న శిష్యుడే వచ్చాడనుకుందాం. రాళ్లు విసిరే జనం కన్నా ముందు, ఆ గుహలోని బుద్ధ విగ్రహమే అతన్ని ఆశ్చర్యపరుస్తుంది. ఎందుకంటే బుద్ధుడు పోయాక కొన్ని శతాబ్దాల పాటు ఆయన రూపం చెక్కలేదు. మన అమరావతి తొలి శిల్పాల్లోనూ ఆయన ఉండాల్సిన చోట పాదముద్రలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం కనిపిస్తాయి. బొజ్జన్నకొండ మీదైతే థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడూ నడిచాయి. ఒకే కొండ మీద, ఆయన పేరుతోనే, మూడు తీరుల నమ్మకం. మాట మార్చిందెవరు? రాళ్లు విసిరినవాళ్లొక్కళ్లేనా? ధ్యానం చేసుకున్నవాళ్లు కూడా మార్చారు. ఆ మార్పులోనే అది ఇన్ని వందల ఏళ్లు బతికింది. చావని మనిషి ఉన్నాడో లేదో గాని, మారుతూ చావకుండా ఉన్న మాట మాత్రం కళ్లముందే ఉంది.

అందుకే ఈ సినిమాలో అమరత్వం నాకు పెద్ద విషయంగా తోచదు. 2024లో మన 'కల్కి 2898 ఏడీ'లో నాగ్ అశ్విన్ అశ్వత్థామను తెచ్చాడు. అమితాబ్ బచ్చన్ ఎనిమిది అడుగుల చిరంజీవిగా లేచి నిలబడితే హాలంతా ఈల వేసింది, నేనూ ముచ్చటపడ్డాను. అక్కడ ఎవరూ అతన్ని నువ్వు నిజంగా అశ్వత్థామవేనా అని అడగరు. అడగక్కర్లేదు, మన అమ్మమ్మలు ముందే చెప్పి ఉంచారు. జాన్‌కు ఆ సౌకర్యం లేదు. అతనికి ముందుగా చెప్పి ఉంచిన అమ్మమ్మ లేదు. అంతా మొదటి నుంచీ తానే మాటలతో కట్టుకోవాలి, ఆ కట్టడం చూడటమే ఈ సినిమా.

ఇప్పుడు ముగింపు చెప్పబోతున్నాను. చూసేదాకా తెలుసుకోవద్దనుకున్నవాళ్లు ఓ నిమిషం రేడియో గొంతు తగ్గించండి. ఈడిత్ బాధ చూడలేక, వచ్చినవాళ్లలో పెద్దవాడైన మానసిక వైద్యుడు విల్ గ్రూబర్, ఇదంతా అబద్ధమని ఒప్పుకోమని జాన్‌ను నిలదీస్తాడు. జాన్ తలవంచి, అవును, కల్పించాను అంటాడు. అందరి గుండెలూ తేలికపడతాయి. కోపంగానో నవ్వుతూనో ఒక్కొక్కరే కార్లెక్కుతారు. ఇక్కడ ఆగితే ఇది గొప్ప సినిమా. ఆగలేదు. జాన్ వరండాలో తన పాత పేరొకటి చెప్పడం విల్ చెవిన పడుతుంది. అది చిన్నప్పుడే తమను వదిలి వెళ్లిన తన తండ్రి పేరు. కుక్క పేరు అడుగుతాడు, జాన్ చెబుతాడు. అమ్మ పేరూ చెబుతాడు. ముసలి కొడుకు గుండె ఆగి కుర్ర తండ్రి చేతుల్లో ప్రాణం విడుస్తాడు.

కంటనీరు పెట్టించే ఘట్టమే, కాదనను. కానీ అక్కడ స్తంభం పగిలిపోయింది. సింహాచలం కథలో పగలాలి, అది పురాణం. అడిగినవాడు అహంకారంతో అడిగాడు, జవాబు వచ్చింది. ఇక్కడ గంటకు పైగా రుజువు లేకుండా కూర్చోబెట్టి, మనలో ప్రతివాడూ తన నమ్మకాన్ని తానే తడుముకునేలా చేసి, ఆఖరికి కుక్క పేరుతో రుజువు చేతిలో పెట్టారు. అప్పటిదాకా మనల్ని పెద్దవాళ్లుగా చూసిన రచయిత చివర్లో పిల్లలుగా చూశాడు. 2017లో వచ్చిన రెండో భాగం సంగతి చెప్పను, చూడకపోయినా నష్టం లేదు.

ఒక విన్నపంతో సెలవు తీసుకుంటాను. షెంక్‌మన్ ఈ కథను నాటకంగా కూడా మలిచాడు, వేదికల మీద ఆడారు. మాటలే నడిపించే నాటకం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడిన నేల ఇది. విశాఖలో నాటక సమాజాలున్నాయి, సబ్బవరంలో వాదనలే చదువుగా చదివే పిల్లలున్నారు. ఒక గది, ఎనిమిది కుర్చీలు, ఎనిమిది మంచి గొంతులు ఉంటే సరిపోతుంది. హక్కులు అడిగి తెచ్చుకుని, దీన్ని తెలుగులో ఎవరైనా ఆడండి. జాన్ మన వైపు వచ్చినప్పుడు బొజ్జన్నకొండ మీద ఒక రాత్రి ఆగాడని రాసుకుంటారో లేదో మీ ఇష్టం. ఆ చివరి పది నిమిషాలు మాత్రం తీసెయ్యండి.